అతామి వెళ్లే ముందు బుజ్జికి పిన్ని ఉత్తరం

చి.సౌ. బుజ్జికి,

పిన్ని ఆశీస్సులు. కాకినాడ నుంచి మీ అత్తగారూ మావయ్యగారూ వచ్చి పది రోజులైందనీ, టోక్యోలో మీ నిషికసాయ్ ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చుని విసుగెత్తిపోతున్నారనీ, వచ్చే శని ఆదివారాలు సముద్రం ఒడ్డున ఉన్న వేడినీళ్ల ఊరు అతామి తీసుకెళ్తాననీ రాశావు. మంచి పని. ఇరవై ఆరేళ్లుగా ఈ జపాన్‌లో ఉంటూ, ఊరి నుంచి వచ్చిన ప్రతి చుట్టాన్నీ అక్కడికి తిప్పుకొచ్చినదాన్ని కాబట్టి సంతోషంగానే ఉంది. కానీ నువ్వు పంపిన ప్లాన్ చదివేసరికి నాకే ఆయాసం వచ్చింది. శనివారం మధ్యాహ్నం హోటల్లో లంచ్ బఫే, మూడింటికి మ్యూజియం, సాయంత్రం కోట, రాత్రి మళ్లీ డిన్నర్ బఫే, ఆదివారం పడవెక్కి హత్సుషిమా దీవి! డెబ్బై ఏళ్లవాళ్లమ్మా వాళ్లు. సగం కొట్టేయ్.

అన్నిటికంటే ముందు బఫేని ఆదివారానికి మార్చు. మీ అత్తగారు శనివారం నీచు ముట్టరు, పైగా ఒంటిపూట. మనిషికి అన్నేసి వేల యెన్లు కట్టి, ఆవిడ చేత ఉత్త అన్నమూ పుచ్చకాయ ముక్కలూ తినిపిస్తావా? నేను ఆ పొరపాటు చేశాను. మా అత్తగారిని శనివారమే తీసుకెళ్లాను. మాంసం, చేప ఉన్న పళ్లేలన్నీ చూపించి ‘ఇవి వద్దు’ అని చెప్పాను. ఆవిడ చక్కగా మూతపెట్టిన చిన్న పింగాణీ కప్పు ఒకటి తెచ్చుకున్నారు. లోపల లేత పసుపు రంగులో, వణుకుతూ, అచ్చం జున్నులా ఉంది. తీపి అనుకుని చెంచా పెట్టారు. ఉప్పగా తగిలింది. ‘ఇదేం జున్నమ్మా’ అంటూనే ఇంకో చెంచా అడుగుకంటా తీస్తే ఎర్రటి రొయ్య పైకి వచ్చింది. చవాన్‌ముషి అంటారు దాన్ని, కోడిగుడ్డు సొనని చేపల రసంలో కలిపి ఆవిరిమీద ఉడికిస్తారు. ఆవిడ ఏమీ అనలేదు. చెంచా కింద పెట్టి, కళ్లు మూసుకుని గోవిందా అనుకున్నారు. ఆ గోవిందా నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అందుకని శనివారం పొద్దున పులిహోర కలిపి డబ్బాలో పెట్టు. పదకొండు గంటల ప్రాంతంలో టోక్యోలో ‘కొదమ’ అనే షింకాన్‌సెన్, అదే బుల్లెట్ రైలు, ఎక్కండి. ‘నొజొమి’ అనే ఇంకో బుల్లెట్ రైలు అతామిలో ఆగదు, గుర్తుపెట్టుకో. షింకాన్‌సెన్‌లో తినడం తప్పేమీ కాదు, అందరూ స్టేషన్లో కొన్న ఎకిబెన్ భోజనం డబ్బాలు విప్పుకుంటారు, మీరు పులిహోర విప్పుకోండి. ప్రయాణం ముప్పావు గంటే, అందుకని రైలు కదలగానే తినెయ్యండి. మూడు సీట్ల వరసలో కిటికీ పక్కది మావయ్యగారికి ఇవ్వు. ఒదవారా స్టేషన్ దాటాక సొరంగానికీ సొరంగానికీ మధ్య సముద్రం ఆ పక్కనే తళుక్కుమంటుంది. ఆయనకి ఫుజి పర్వతం చూడాలని ఉంటే అది కుడివైపు, సముద్రం ఎడమవైపు అని గొడవపడకుండా ముందే చెప్పేయ్. నిదానంగా చూస్తూ వెళ్లాలనుకుంటే మామూలు రైళ్లు నడిచే తోకాయిదో లైన్ ఉంది. నెబుకావా స్టేషన్ దగ్గర సముద్రం మొత్తం కాళ్ల కింద పరుచుకుంటుంది. కానీ దాదాపు రెండు గంటలు పడుతుంది, ఆవిడ నడుము సంగతి చూసుకో.

హోటల్లో గది మూడింటికి గానీ ఇవ్వరు. సామాను రిసెప్షన్‌లో పెట్టేసి హాయిగా తిరగొచ్చు, డబ్బులేమీ అడగరు. తిరగడమంటే మ్యూజియం కాదు. అతామి ఊరు కొండ వాలు మీద ఉంటుంది, ఎటు వెళ్లినా ఎక్కడమో దిగడమో. మోకాళ్లకి అది కొత్త పరీక్ష. స్టేషన్ నుంచి హోటల్‌కి బస్సు ఉందో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకో, లేకపోతే టాక్సీ. స్టేషన్ ముందే వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టుకు కూర్చునే చోటు ఉంది, ఉచితం. 1604లో తొకుగావా ఇయెయాసు అంతటివాడు ఈ ఊరి వేడినీళ్ల కోసం వచ్చి మకాం పెట్టాడు, కాళ్లు పెట్టుకునే ఆ చోటికి ఆయన పేరే పెట్టారు. అతామి అంటేనే వేడి సముద్రం అని అర్థం. మావయ్యగారికి ఇలాంటివి చెబితే ఇష్టం, కాకినాడ వెళ్లాక పది మందికి చెప్పుకుంటారు.

స్టేషన్ ఎదుట సందుల్లో ఎండు చేపల కొట్లు ఉంటాయి. హిమోనో అంటారు. అజి చేపని పొట్ట దగ్గర చీల్చి, పుస్తకంలా విప్పి ఆరబెడతారు. ఆ వాసన తగలగానే మావయ్యగారు ఆగిపోతారు చూడు, ఉప్పుచేప! మనదంత ఉప్పగా, గట్టిగా ఉండదు. కొనిపెట్టమంటారు. వద్దనకు గానీ, ఆదివారం తిరిగి వచ్చేటప్పుడు కొను. శనివారం రాత్రి గదిలో అత్తగారి పక్కన ఆ పొట్లం ఉంటే ఎవరికీ నిద్ర పట్టదు.

శనివారం రాత్రి భోజనం లేని ప్లాన్ తీసుకో, పొద్దుటి టిఫిన్ ఒక్కటే ఉన్నది. ఆవిడకి చపాతీలు, పళ్లు సరిపోతాయి. అవి గదిలోనే తినాలి, హోటల్ డైనింగ్ హాల్లోకి బయటి తిండి తీసుకెళ్లకూడదు. మీ ముగ్గురూ కిందికి వెళ్లి ఏదో తిని రండి. ఆ రోజు బాణాసంచా ఉందేమో ముందే చూసుకో. అతామిలో అది ఒక్క ఎండాకాలానికే కాదు, ఏడాది పొడవునా కొన్ని రాత్రులు కాలుస్తారు. మూడు వైపులా కొండలు కాబట్టి ప్రతి చప్పుడూ రెండుసార్లు వినిపిస్తుంది.

ఇక స్నానం. నువ్వు అడగడానికి మొహమాటపడ్డావు, నేనే చెబుతాను. పెద్ద స్నానాల గదిలో అందరూ బట్టల్లేకుండానే దిగుతారు. స్విమ్ సూట్ వేసుకుంటానంటే ఒప్పుకోరు. మీ అత్తగారు చచ్చినా ఒప్పుకోరు, ఒప్పించడానికి ప్రయత్నించకు. కషికిరి అని, కుటుంబం మట్టుకే గంటో ముప్పావు గంటో తలుపేసుకుని వాడుకునే తొట్టి ఉంటుంది. అది ఇప్పుడే బుక్ చెయ్, వారాంతాల్లో త్వరగా అయిపోతాయి. అందులో దిగేముందు కూడా చిన్న స్టూలు మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. తొట్టి నీళ్లు ఒళ్లు రుద్దుకోవడానికి కాదు. జుట్టు ముడేసుకోవాలి, తుండు నీళ్లలో ముంచకూడదు. ఇద్దరికీ బీపీ ఉంది కాబట్టి తినగానే దిగనివ్వకు, ఐదారు నిమిషాల్లో లేపెయ్. తర్వాత మంచినీళ్లు తాగించు. మావయ్యగారు మాత్రం పెద్ద గదికే వెళ్తానంటారు. వెళ్లనీ. ఒక్క మాట చెప్పు: నీలం తెర మగవాళ్లది, ఎరుపు ఆడవాళ్లది. చాలా హోటళ్లలో రాత్రికీ పొద్దుటికీ ఆ తెరలు అటూ ఇటూ మారుస్తారు. నిన్న వెళ్లిన తలుపే కదా అని పొద్దున్నే ధైర్యంగా దూసుకుపోతే ఇంకేమైనా ఉందా?

హోటల్ వాళ్లిచ్చే పల్చటి నూలు కిమోనో, అదే యుకతా, కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడిచెయ్యి రొమ్ము దగ్గర మడతలోకి సులువుగా దూరితే సరిగ్గా కట్టినట్టు. నేను మొదటిసారి తిరగేసి కట్టుకుని వరండాలో ఊరేగుతుంటే, ఒక ముసలావిడ నన్ను పక్కకి తీసుకెళ్లి ఏమీ మాట్లాడకుండా విప్పి మళ్లీ కట్టింది. తర్వాత తెలిసింది, అలా తిరగేసి కట్టేది శవానికట.

పొద్దున ఎవరినీ లేపక్కర్లేదు. కాకినాడ మనిషి ఐదింటికే లేచి కిటికీ దగ్గర నిలబడతారు. మనకి లాగానే అక్కడా సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. ఆయన్ని కాసేపు ఒంటరిగా వదిలెయ్.

పదింటికి గది ఖాళీ చెయ్యాలి, బఫే పదకొండున్నరకి. మధ్యలో బీచ్ దగ్గర బెంచీ మీద కూర్చోండి. హోటల్ కాగితాల్లో బఫేని ‘బైకింగు’ అని రాస్తారు. మొదట్లో నేను లంచ్ తర్వాత సైకిళ్లు అద్దెకిస్తారేమో అనుకుని పిల్లలకి బూట్లు వేయించాను. అది వైకింగ్! 1958లో టోక్యో ఇంపీరియల్ హోటల్ వాళ్లు ఉత్తర ఐరోపా పద్ధతిలో వడ్డించుకుని తినే రెస్టారెంట్ పెట్టి ఆ పేరు పెట్టారు. ఆ పేరే దేశమంతా నిలిచిపోయింది.

మామూలుగా తొంభై నిమిషాలు ఇస్తారు. తక్కువేం కాదు, అందుకని పెళ్లి బఫేలోలా ఎగబడక్కర్లేదు. ముందు పళ్లెం లేకుండా ఒక చుట్టు చుట్టి రండి. తర్వాత తొమ్మిది గళ్ల పళ్లెం ఉంటే అది తీసుకోండి, గడికి రెండు ముద్దలు చాలు. నచ్చితే మళ్లీ లేవొచ్చు. వదిలేస్తే ఇక్కడ మొహం మీద ఏమీ అనరు గానీ చూస్తారు. అత్తగారు అరటిపండు టిష్యూలో చుట్టి బ్యాగులో వేసుకోబోతారు. మెల్లగా చెప్పు, మిగిలింది ఇంటికి తెచ్చుకునే పద్ధతి లేదని.

మావయ్యగారికి పచ్చి చేప మొదట పెట్టకు. ఆ తీరంలో కిన్మెదాయ్ అని పెద్ద కళ్ల ఎర్ర చేప దొరుకుతుంది, సోయా సాస్‌లో తియ్యగా ఉడికిస్తారు. అది దొరికితే వేడి అన్నంతో పెట్టు, ఆయన దారికొస్తారు. వేపుడు కావాలంటే తెంపురా ఉంది, వేయించిన వెంటనే తెచ్చుకోండి. ఉమెబోషి చూసి అత్తగారు ఊరగాయ అనుకుంటారు. అనుకోనీ, ఊరగాయే. కారం మాత్రం ఉండదు, పులుపుకి కన్ను మూసుకుపోతుంది. కూర అన్నం అని కరీ రైస్ దగ్గరకి పరుగెత్తబోతే ఆపు, అందులో పశుమాంసం ఉండొచ్చు. అడగకుండా పెట్టకు. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదనీ, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరు పుల్లలతో అందుకోకూడదనీ చెప్పు, రెండూ చావుకి సంబంధించిన పనులు. చేతకాకపోతే ఫోర్కు అడగొచ్చు, నామోషీ ఏమీ లేదు.

బిల్లులో మనిషికి నూటయాభై యెన్లు స్నానపు పన్ను అని కనిపిస్తుంది, మోసం కాదు, ఊరి పన్ను. టిప్పు ఇవ్వబోతే మావయ్యగారి చెయ్యి పట్టుకో.

పడవ, కోట, మ్యూజియం వచ్చేసారికి ఉంచు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడింటి రైలుకి చేసుకో, ఆదివారం సాయంత్రం టోక్యో వైపు విపరీతమైన రద్దీ. హ్యాండ్‌బ్యాగులో చిన్న తుండు ఒకటి పెట్టుకో. స్టేషన్ ముందు కాళ్లు తడిపాక తుడుచుకోవడానికి కావాలి. మేం మా అత్తగారి కొంగుతో తుడుచుకున్నాం.

మీ పిన్ని