ఫ్యాక్టరీ చేసిన తప్పును మీరు దిద్దకండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా బావమరిది అమెరికా నుంచి 1950ల నాటి బేస్‌బాల్ కార్డులు (ఆటగాళ్ల బొమ్మలున్న అట్టముక్కలు) 30 తెచ్చిచ్చాడు. కొన్నిటికి ఒకవైపు అంచు వెడల్పు, ఇంకోవైపు సన్నం. రెండిటి మీద సిరా చుక్కలున్నాయి. అన్నీ ప్రింటింగ్‌లో వచ్చిన లోపాలే. రూ.15,000 ఇస్తే అంచులు సమానంగా కోసి, చుక్కలు తీసేస్తానని ఒకాయన అంటున్నాడు. ధర రెట్టింపవుతుందట. వచ్చే ఏడాది అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకు పనికొస్తాయని ఆశ. చేయించమంటారా?

జవాబు: వద్దండి. నిజాం కాలం నాటి చార్మినార్ రూపాయిని చింతపండుతో తళతళా తోమి పాత నాణేలు కొనేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే మొహం ఎట్లా పెడతారో మీకు తెలిసే ఉంటుంది. ఇదీ అంతే.

కార్డు అసలుదో కాదో, ఎంత బాగుందో చూసి నంబరు (గ్రేడ్) ఇచ్చే పీఎస్ఏ లాంటి అమెరికా సంస్థలు, అంచులు ఎక్కువతక్కువ ఉన్న కార్డుకు ఆ నంబరు తగ్గిస్తాయి. కోసిన కార్డుకైతే అసలు నంబరే ఇవ్వవు. అంటే, తక్కువ మార్కులతో పాసైనవాణ్ని రూ.15,000 ఖర్చుపెట్టి ఫెయిల్ చేయించినట్టు.

ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు. 1909–11 నాటి సిగరెట్ పెట్టెల కార్డు అది. 2007లో 28 లక్షల డాలర్లు పలికింది. వేలంలో దొంగ పాటలు పెంచిన కేసులో దొరికిన వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో, దాని అంచులు తానే కోశానని 2013లో ఒప్పుకున్నాడు. 2015లో 20 నెలల జైలు శిక్ష పడింది. కోసినా అంత ధర వచ్చింది కదా అంటారేమో! అది నిజం బయటపడక ముందటి ధర. పైగా మీ దగ్గరున్నది వాగ్నర్ కాదు.

కొన్నిసార్లు లోపమే లక్ష్మి. టాప్స్ అనే కంపెనీ 1990లో వేసిన సెట్‌లో ఆటగాడు ఫ్రాంక్ థామస్ పేరు పడకుండా వచ్చిన కార్డులు, పేరున్న వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతాయి. ఎవరైనా ముచ్చటపడి ఆ పేరు రాయించి ఉంటే? అయితే ప్రతి సిరా చుక్కా అదృష్టం కాదు. మీ చుక్కలు ధర తగ్గించేవే కావొచ్చు. తగ్గనివ్వండి. దిద్దించి ఆ సంగతి చెప్పకుండా అమ్మితే అది మోసం, చెప్పి అమ్మితే కొనేవాడు ఇంకా తగ్గించి అడుగుతాడు.

ఇక ఫీజు సంగతి. మీ లెక్కల పుస్తకంలో ఈ కార్డుల ఎదురుగా సున్నా వేసుకోండి. ఆ రూ.15,000 బ్యాంకులో ఏడాది ఎఫ్‌డీ చేసి, పక్కనే ఒక ఆర్‌డీ మొదలుపెట్టండి. కార్డులను ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, చెమ్మ తగలని అరలో ఉంచండి. మీ బావమరిది మళ్లీ దసరాకు వస్తే బాగున్నవి రెండు మాత్రం ఆయనతో పంపండి. అలాంటివే అక్కడ ఎంతకు అమ్ముడయ్యాయో చూసి, ఖర్చు పోను మిగిలేలా ఉంటేనే గ్రేడింగ్‌కు ఇమ్మనండి.