ఫ్రెట్ ప్రాజెక్టు ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. డిజర్టేషన్‌కి రెండు ల్యాబులు రమ్మన్నాయి. ఒకచోట ప్రొటీన్ ప్యూరిఫికేషన్. ఇంకోచోట ఫ్రెట్ (ఫోర్‌స్టర్ రెజొనెన్స్ ఎనర్జీ ట్రాన్స్‌ఫర్) పద్ధతితో రెండు ప్రొటీన్లు కణంలో ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అని చూసే పని. రెండోదే ఇష్టం, కానీ ఫిజిక్స్ వదిలేసి చాలా కాలమైంది. పైగా ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ఇలాంటి పద్ధతులకు గిరాకీ ఉండదని సీనియర్లు అంటున్నారు. ఒకే టెక్నిక్ పట్టుకుంటే ఉద్యోగం దొరుకుతుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇష్టమైనదే తీసుకోండి. కాకపోతే రెజ్యూమెలో "ఫ్రెట్ వచ్చు" అని ఒక లైను రాసుకోవడానికైతే వద్దు. టెక్నిక్ పేరు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. వచ్చిన సిగ్నల్ నిజమో కాదో తేల్చగలిగే మనిషికి ఇస్తారు, ఆ పనిని ఫ్రెట్ అంత కఠినంగా నేర్పే పద్ధతులు బయోకెమిస్ట్రీలో తక్కువే.

ముందు ఫిజిక్స్ భయం సంగతి చూద్దాం. ఫ్రెట్ అంటే శక్తి బదిలీ. డోనార్ అనే ఫ్లోరోసెంట్ అణువు కాంతిని పీల్చుకుంటుంది. దానికి అతి దగ్గరలో తగిన యాక్సెప్టర్ ఉంటే, ఆ శక్తి ఫోటాన్‌గా బయటికి రాకుండానే నేరుగా దానికి వెళ్లిపోతుంది, అప్పుడు డోనార్ మసకబారుతుంది, యాక్సెప్టర్ వెలుగుతుంది. 1940లలో థియోడర్ ఫోర్‌స్టర్ దీనికి సిద్ధాంతం ఇచ్చాడు. బదిలీ వేగం దూరపు ఆరో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. మొదట్లో మీకు కావలసిన లెక్క దాదాపు ఇంతే. సగం శక్తి బదిలీ అయ్యే దూరం 5 నానోమీటర్లనుకోండి. అసలు దూరాన్ని 5తో భాగించి, ఆరో ఘాతం కట్టి, 1 కలిపి, వచ్చినదానితో 1ని భాగించండి. 4 నానోమీటర్ల దగ్గర 79 శాతం, 6 దగ్గర 25 శాతం, 10 దగ్గర ఒకటిన్నర శాతం వస్తుంది. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి వేసి చూడండి, భయం సగం అక్కడే పోతుంది.

ఈ పద్ధతి విలువంతా ఆ నిటారు పతనంలోనే ఉంది. మామూలు లైట్ మైక్రోస్కోపు దాదాపు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్నవాటిని విడదీసి చూపలేదు. ఒక ప్రొటీన్‌కి ఆకుపచ్చ, ఇంకోదానికి ఎరుపు వెలుగు తగిలిస్తే, రెండూ కలిసి పసుపు చుక్క కనిపించినంత మాత్రాన రెండు ప్రొటీన్లు చేయి కలిపాయని చెప్పలేం, ఒకే గదిలో ఉన్నాయని మాత్రమే చెప్పగలం. ఫ్రెట్ కనిపించిందంటే మధ్య దూరం 10 నానోమీటర్ల లోపే అన్నమాట. 1967లో స్ట్రయర్, హాగ్‌లాండ్ అనే శాస్త్రవేత్తలు ప్రోలిన్ అనే అమైనో ఆమ్లపు గొలుసుల రెండు చివర్లా డోనార్, యాక్సెప్టర్ తగిలించి, గొలుసు పొడవు మారుస్తూ ఈ ఆరో ఘాతం నిజమని కొలిచి చూపించారు.

ఇక అసలు కష్టం. సిగ్నల్ వస్తే పండగ చేసుకోకండి. డోనార్‌గా సయాన్ ప్రొటీన్, యాక్సెప్టర్‌గా ఎల్లో ప్రొటీన్ వాడారనుకోండి, సయాన్ వెలుగు కొంత ఎల్లో ఛానెల్‌లోకి కారుతుంది, సయాన్ కోసం వేసిన లేజర్ ఎల్లోను కూడా కొద్దిగా నేరుగా వెలిగిస్తుంది, ఈ రెండూ తీసేయకుండా గ్రాఫు గీస్తే మీ "ఇంటరాక్షన్" అంతా ఆ కారిన వెలుగే కావచ్చు. అందుకే డోనార్ మాత్రమే ఉన్న కణాలు, యాక్సెప్టర్ మాత్రమే ఉన్నవి, రెండూ ఉన్నా కలవకూడనివి, రెండింటినీ ఒకే గొలుసుగా అతికించినవి, అన్నీ ప్రతిసారీ పోల్చుకోవడానికి కంట్రోల్స్‌గా పక్కన ఉండాలి. ఇంకో సూటి పరీక్ష కూడా ఉంది. లేజర్‌తో యాక్సెప్టర్‌ని కాల్చేసి చూడండి, డోనార్ వెలుగు పెరిగితే నమ్మొచ్చు. సిగ్నల్ రాకపోతే? కలవడం లేదని రాసేయకండి. ట్యాగులు, అంటే తగిలించిన డోనార్, యాక్సెప్టర్, ప్రొటీన్‌కి దూరపు కొసల్లో ఉండొచ్చు, తప్పు దిశలో తిరిగి ఉండొచ్చు. ట్యాగును రెండో చివరికి మార్చి మళ్లీ చూడాల్సిందే, విసుగొచ్చినా సరే.

కాబట్టి ఒప్పుకునే ముందు ఆ ల్యాబులో మొహమాటం లేకుండా అడగండి: పాజిటివ్ కంట్రోల్ (సిగ్నల్ తప్పక రావాల్సిన అతికించిన జత) ఇప్పటికే పనిచేస్తోందా, వాళ్ల మైక్రోస్కోపులో మీకు ఎన్ని గంటలు దొరుకుతాయి, డోనార్ లైఫ్‌టైమ్ (దాని వెలుగు ఎంతసేపు నిలుస్తుందో) కొలిచే సదుపాయం ఉందా, డేటా ఎనాలిసిస్ ఎవరు నేర్పిస్తారు. కంట్రోల్ కూడా మీరే మొదటి నుంచి కట్టాలంటే, డిజర్టేషన్ గడువులో అది కష్టం. అప్పుడు నేనే వద్దంటాను.

ఉద్యోగాల మాట. మందుల కంపెనీల్లో వేలకొద్దీ రసాయనాలను 384 గుంటల ప్లేట్లలో పరీక్షించేటప్పుడు యూరోపియం, టెర్బియం అనే లోహాలు వాడే టైమ్ రిజాల్వ్‌డ్ ఫ్రెట్ బాగా నడుస్తుంది. వాటి వెలుగు మిల్లీసెకన్ల దాకా నిలుస్తుంది, చెత్త వెలుగు నానోసెకన్లలో ఆరిపోతుంది, కొంచెం ఆగి కొలిస్తే చాలు. అక్కడ అస్సే డెవలప్‌మెంట్ (ఇలాంటి పరీక్షలు తయారుచేసే) వాళ్లు కావాలి. ఇమేజింగ్ ఫెసిలిటీలు, మైక్రోస్కోపు కంపెనీల అప్లికేషన్ విభాగాలు కూడా ఉన్నాయి. అన్నిచోట్లా పైథాన్‌లో ఇమేజి డేటా తీసి చూపగలిగితే మీ మాటకు బరువు పెరుగుతుంది. అన్నట్టు, క్యూపీసీఆర్‌లో (డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరీక్షలో) టాక్‌మ్యాన్ అనే ఫ్లోరోసెంట్ ప్రోబ్ వాడి ఉంటే, తెలియకుండానే శక్తి బదిలీతో పని చేసేసినట్టే.

ఆల్ఫాఫోల్డ్ గురించి సీనియర్లు సగమే చెప్పారు. అది ఆకారాన్ని ఊహించి ఇస్తుంది. ఆ రెండు ప్రొటీన్లు బతికున్న కణంలో ఎప్పుడు కలిశాయో, మందు వేశాక ఎంతసేపటికి విడిపోయాయో చెప్పదు. 1997లో మియావాకి, సియన్ బృందం చేసిన కేమిలియన్ సెన్సర్ కణంలో కాల్షియం ఎక్కడం, దిగడం ఫ్రెట్ మార్పుతోనే చూపించింది. అలాంటి పనికి ఊహించిన ఆకారం సాయపడుతుంది, ట్యాగు ఎక్కడ పెట్టాలో ముందే అంచనా వేసుకోవచ్చు.

ప్యూరిఫికేషన్ ల్యాబు వాళ్లకు కాదని చెప్పేటప్పుడు కాస్త మర్యాదగా చెప్పండి. కణాల బయట, కొలవగల దూరాలతో ఫ్రెట్ చేయాలంటే శుభ్రమైన ప్రొటీన్ కావాలి, అనుకున్న చోట సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటి పెట్టి దానికి డై అతికించాలి. రేపు మీ గైడు ఆ పని అడిగితే మీరు వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికే.