మొదటి తుపాకీగా రివాల్వర్: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి శ్రావణ్‌కు,

మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కొలంబస్‌లో మిత్రులతో కలిసి షూటింగ్ రేంజికి వెళ్లావనీ, అక్కడ అద్దెకిచ్చిన 9 ఎం.ఎం. పిస్టల్ బాగానే ఉన్నా పక్క వరుసలో ఒక పెద్దాయన నింపాదిగా కాలుస్తున్న రివాల్వర్ మీదే నీ చూపు నిలిచిందనీ రాశావు. గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి సొంతంగా ఒకటి కొనాలనుకుంటున్నానని, రెండింటిలో ఏది మంచిదని అడిగావు. సరదాగా కాగితం మీద గురి చూసి కాల్చడానికే అయితే రివాల్వర్ కొను. టెక్సస్‌లో ఏళ్ల తరబడి రెండూ కాల్చినవాడిగా చెబుతున్నాను.

ముందు ఒక ముఖ్యమైన సంగతి. నీతో వస్తానంటున్న మిత్రుడు ఇంకా హెచ్-1బి మీదే ఉన్నాడన్నావు. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకోవడం కూడా దీని కిందికే వస్తుంది. మినహాయింపు తనకు వర్తిస్తుందో లేదో న్యాయవాదిని అడిగి తెలుసుకునేదాకా అతని చేతికి తుపాకీ ఇవ్వకు. స్నేహం కొద్దీ చేసిన పని ఆ అబ్బాయి భవిష్యత్తుకే అడ్డం పడవచ్చు.

పిస్టల్‌ను నేను తక్కువ చేయను. గ్లాక్ 17 అనే పిస్టల్ మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే డబ్బాలో, 17 తూటాలు పడతాయి, ట్రిగ్గర్ తేలిక, 9 ఎం.ఎం. తూటాలు రివాల్వర్లలో వాడే .38 స్పెషల్ తూటాల కన్నా చవక. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది. ఆ పోటీలో వాడేవి .22 సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లే, అంటే ఒక గుండు పేలగానే తర్వాతి తూటాను తమంతట తామే ఎక్కించుకునేవి. నీకు అటువైపు మనసు ఉంటే నేను ఇంకో ఉత్తరం రాసేవాడిని. కానీ నువ్వు కోరుకుంటున్నది వారాంతంలో ఓ గంట ప్రశాంతంగా గడపడం, కొంచెం కొంచెంగా గురి మెరుగుపరచుకోవడం.

మ్యాగజైన్ నిండా తూటాలు ఉన్నప్పుడు కొత్తవాడి వేలు తొందరపడుతుంది. తప్పిన గుండు ఎందుకు తప్పిందో ఆలోచించేలోపే తర్వాతది వెళ్లిపోతుంది. చాలా రివాల్వర్లలో ఆరే. ఆరూ అయ్యాక ఆగాలి, తూటాలు ఉండే గుండ్రని సిలిండర్ తెరవాలి, ఖాళీ షెల్స్ (కాలిన తూటాల తొడుగులు) బయటికి నెట్టాలి, మళ్లీ ఒక్కొక్కటిగా నింపాలి. ఆ కాస్త సమయంలో నీ కళ్లు వాటంతటవే లక్ష్యం మీదికి వెళతాయి. రంధ్రాలన్నీ కింద ఎడమవైపున పడ్డాయంటే కుడిచేతివాడివి కాబట్టి నీ చెయ్యి ట్రిగ్గర్‌ను కుదిపేస్తోందని అర్థమవుతుంది. నాకు రివాల్వర్ మీద ఉన్న ప్రేమంతా ఈ విరామం వల్లే.

అలాగని అది నెమ్మది యంత్రం అనుకోకు. 1932లో ఎడ్ మెక్‌గివర్న్ ఐదు గుండ్లను 0.45 సెకన్లలో కాల్చాడు. 1999లో జెర్రీ మిక్యులెక్ ఆరు కాల్చి, మళ్లీ నింపి, ఇంకో ఆరు కాల్చడానికి పట్టిన సమయం 2.99 సెకన్లు. నెమ్మదిగా కాల్చడం మనం ఎంచుకునే పద్ధతి.

ఇక ట్రిగ్గర్ సంగతి. తూటాను కొట్టి పేల్చే వెనకభాగపు సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగిపెట్టి కాలిస్తే సింగిల్ యాక్షన్. వేలు ఆనీ ఆనకముందే పేలినంత సున్నితంగా ఉంటుంది, అందుకే కొత్తవాళ్లు దాన్ని వదలరు. నువ్వు మాత్రం మొదటి నుంచీ డబుల్ యాక్షన్ నేర్చుకో. అందులో ట్రిగ్గరే సుత్తిని వెనక్కి లేపి వదులుతుంది, సిలిండర్‌నూ తిప్పుతుంది. చాలా రివాల్వర్లలో 10 నుంచి 12 పౌన్ల బరువు లాగాలి. బావిలోంచి నిండు చేదను తొణకకుండా తోడినట్టు, మధ్యలో ఆగకుండా ఒకే వేగంతో లాగాలి. మొదట్లో గుండ్లు చెదురుతాయి, ఓపిక పట్టు. ఇది అలవాటైన చేతికి ఏ పిస్టల్ ట్రిగ్గరైనా సులువే.

ఇంకో అభ్యాసం చెబుతాను. సిలిండర్‌లోని ఆరు గదుల్లో మూడింటిలో తూటాలు, మూడింటిలో ఖాళీ షెల్స్ పెట్టి, చూడకుండా సిలిండర్ తిప్పి మూసెయ్యి. ఎప్పుడు పేలుతుందో నీకు తెలియదు. సుత్తి ఖాళీ షెల్ మీద పడినప్పుడు గొట్టం (బ్యారెల్) కొన కిందికి దిగిందంటే, శబ్దానికి ముందే నువ్వు బెదురుతున్నావన్నమాట. ఈ బెదురును ఇంత తేలికగా పట్టి చూపించే ఉపాయం నాకు మరొకటి తెలియదు.

ఏది కొనాలంటే, .357 మాగ్నమ్ అనే బలమైన తూటాకు తయారైన మధ్యస్థ పరిమాణపు ఉక్కు రివాల్వర్, నాలుగు లేదా ఆరు అంగుళాల బ్యారెల్. స్మిత్ అండ్ వెసన్ 686 గానీ, రూగర్ జీపీ100 గానీ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నాలుగంగుళాల బ్యారెల్‌తో 1.1 కిలోల దాకా తూగుతాయి, ఆ బరువే రీకాయిల్‌ను, అంటే పేలినప్పటి వెనక్కి తన్నును, మింగేస్తుంది. .357 గదిలో .38 స్పెషల్ తూటాలు నిరభ్యంతరంగా కాల్చవచ్చు; .38 రివాల్వర్‌లో మాగ్నమ్ వాడకూడదు. సెమీ ఆటోమేటిక్‌లో తూటా బలహీనంగా ఉంటే ముందుకూ వెనక్కూ కదిలే పైభాగం (స్లయిడ్) పూర్తిగా కదలక ఇరుక్కుపోతుంది. రివాల్వర్‌ను తిప్పేది నీ వేలు కాబట్టి కాస్త బలం తక్కువ తూటా అయినా ఫర్వాలేదు. అందుకే మొదటి రోజుల్లో 148 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) వాడ్‌కటర్ తూటాలు కొను. వాటి ముందుభాగం బల్లపరుపుగా ఉండి, కాగితంలో గుండ్రని శుభ్రమైన రంధ్రం చేస్తాయి. డబ్బు చూసుకోవాలనుకుంటే .22 రివాల్వర్ ఇంకా మంచిది. జేబులో పట్టే ఐదు తూటాల చిన్న రివాల్వర్ మాత్రం వద్దు. తేలికగా ఉందని దుకాణంలో ముచ్చటేస్తుంది గానీ, చేతిని గట్టిగా తంతుంది, గురి కుదరదు.

రివాల్వర్ ఎప్పటికీ మొరాయించదని ఎవరైనా అంటే నమ్మకు. మొరాయించడం అరుదు, మొరాయిస్తే తరచుగా మరమ్మతు చేసేవాడి దగ్గరికే వెళ్లాలి. సినిమాల్లోలా సిలిండర్‌ను మణికట్టుతో విదిలించి మూయకు, అది వేలాడే చట్రం వంగిపోతుంది. షెల్స్ తీసేటప్పుడు గొట్టం పైకి ఉంచు, లేకపోతే కాలని మందు రేణువులు షెల్స్‌ను బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు పలక కింద చేరతాయి.

జాగ్రత్తల విషయంలో బతిమాలి చెబుతున్నాను. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నని సందులోంచి మండే వాయువు పక్కలకు చిమ్ముతుంది, వేళ్లు ఎప్పుడూ దాని వెనకే ఉండాలి. ట్రిగ్గర్ లాగినా పేలకపోతే గొట్టం లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగు. వెంటనే మళ్లీ లాగకు, ఆలస్యంగా అంటుకున్న తూటా పక్క గదిలో పేలవచ్చు. శబ్దం మామూలుకన్నా నీరసంగా వినిపిస్తే గుండు గొట్టంలోనే ఉండిపోయిందేమో చూడకుండా రెండోది కాల్చకు. లోపలి రేంజిలో చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకో. కళ్లద్దాలు తప్పనిసరి. సీసం పొడి అంటుతుంది, ఏదైనా తినేముందు చేతులు చల్లని నీటితో, సబ్బుతో కడుక్కో. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. తుపాకీ ఉక్కు పెట్టెలో తాళం వేసి, తూటాలు వేరే చోట తాళం వేసి ఉండాలి. ఆ పెట్టె కొన్నాకే తుపాకీ కొను.

వెంటనే కొనేయకు. ముందు రేంజిలో 686నూ, జీపీ100నూ అద్దెకు తీసుకుని ఒక్కోదానితో యాభై తూటాలు కాల్చు. పిడి చేతికి ఏది సరిపోయిందో, డబుల్ యాక్షన్‌లో ఏది సాఫీగా తిరిగిందో చూసి, ఆ లక్ష్యపు కాగితాల ఫోటోలు నాకు పంపు. మీ అమ్మకు ఈ సంగతి నువ్వే చెప్పు, తర్వాత నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య