ఆ కౌంటర్ మార్చే ముందు

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

లినక్స్ కెర్నెల్‌కు, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు, మొదటి ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెబితే పొంగిపోయాను. అందులో ఏముందో నీ మెసేజ్‌లో చదివాక మాత్రం నిద్ర పట్టలేదు. ఒక మెమరీ ముక్కను ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టే కౌంటర్ అది. వేగం కోసం డ్రైవర్‌లో హద్దు చూసే రెఫ్‌కౌంట్_టీ తీసేసి, హద్దు చూడని పాత అటామిక్_టీ పెడతావా? తొందరెందుకమ్మా?

ట్యాబ్‌లు, కోడ్ శైలిని చూసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు సంగతి నీకు తెలిసిందే. ప్యాచ్‌లు పరిశీలించే మెయింటెయినర్ కటువుగా రాస్తే ఒక రోజు ఆగి జవాబివ్వు.

2016 జనవరిలో బయటపడిన కీరింగ్ (రహస్య కీలను కెర్నెల్ దాచే గుత్తి) లోపం గురించి మాత్రం నిదానంగా చదువు. ప్రాసెస్ తన సెషన్ కీరింగ్‌ను మార్చుకునే ఫంక్షన్ ఒకటుంది. అడిగిన పేరుతో కీరింగ్ దొరకగానే దాని రిఫరెన్స్ లెక్క, అంటే వాడేవాళ్ల సంఖ్య, ఒకటి పెరుగుతుంది. దొరికింది ఇప్పటికే తన దగ్గరున్న కీరింగే అయితే ఇక చేసేదేమీ లేదని కోడ్ నేరుగా బయటికి దూకేసేది. పెంచిన ఆ ఒకటిని తగ్గించే కీ_పుట్ అక్కడ లేదు. కెర్నెల్ 3.8 వెర్షన్ నుంచి దాదాపు మూడేళ్లు ఎవరి కంటా పడలేదు. ఆ లెక్క 32 బిట్ల అటామిక్_టీ. అదే పేరుతో అదే పిలుపు 429 కోట్లకు పైగా సార్లు చేస్తే అది చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది. ఇంకెవరూ వాడటం లేదనుకుని కెర్నెల్ ఆ మెమరీని విడిచిపెడుతుంది, ప్రాసెస్ మాత్రం దాన్ని పట్టుకునే ఉంటుంది. ఆ చోటులోకి తన డేటా చొప్పించి మామూలు యూజర్ రూట్ (సర్వాధికారాలున్న యూజర్) కాగలడని కనిపెట్టినవాళ్లు చేసి చూపించారు. లెక్కను తిప్పడానికి పట్టింది సుమారు అరగంట!

ఆ కోడ్ రాసింది పని తెలియనివాళ్లు కాదు. వేగంగా నడిచే దారిని అందరూ కొలుస్తారు, మధ్యలో బయటికి దూకే దారులనే ఎవరూ చదవరు. నా భయమంతా అక్కడే. డ్రైవర్లు రాసే రోజుల్లో ఆ దారులన్నీ కాగితం మీద గీసుకునేవాణ్ణి. వాటి వెనకవైపు నువ్వు ఏనుగు బొమ్మలు వేసేదానివి, గుర్తుందా?

2017లో కెర్నెల్ 4.11తో వచ్చిన రెఫ్‌కౌంట్_టీ ఇలాంటి ప్రమాదానికే అడ్డుకట్ట. లెక్క హద్దు దాటితే సున్నాకు తిరగదు, పైనే నిలిచిపోయి హెచ్చరిస్తుంది. కాస్త మెమరీ వృథా అవుతుంది, అంతే. ఖర్చు ఎక్కువని నెట్‌వర్కింగ్ వాళ్లు అప్పట్లో అభ్యంతరపెట్టారు. అది న్యాయమైన మాటే, దాన్ని తీర్చడానికే తేలికైన రూపాలు వచ్చాయి. 5.5 నాటికి పూర్తి రక్షణే అందరికీ ఒకే రూపంలో సరిపోయింది.

నీ డ్రైవర్ నిజంగా నెమ్మదిస్తోందా? ముందు పెర్ఫ్ అనే కొలిచే పనిముట్టుతో కొలువు. అనేక కోర్లు ఒకే కౌంటర్‌ను మారుస్తుంటే అది ఉన్న క్యాష్ లైన్ (ప్రాసెసర్ దగ్గర ఉంచుకునే చిన్న మెమరీ ముక్క) కోర్ల మధ్య తిరగడానికే సమయమంతా పోతుంది. హద్దు చూసే చిన్న పరీక్ష దాని ముందు ఏపాటిది? అటామిక్_టీ పెట్టినా ఆ తిరుగుడు తప్పదు. ఒక్కో కోర్‌కు విడి లెక్క ఉంచే పర్‌సీపీయూ_రెఫ్ సరిపోతుందేమో చూడు, లేదా తాళం వేయకుండా చదవనిచ్చే ఆర్‌సీయూ కింద చదివి, లెక్క పెంచే అవసరమే లేకుండా చెయ్యి.

అప్పటికీ అటామిక్_టీయే కావాలంటే వద్దనను. కొలిచిన అంకెలు కమిట్ సందేశంలో రాయి, కోడ్‌లో కారణం చెప్పు. మిగతా డ్రైవర్లన్నీ ఒకలా ఉంటే ఇదొక్కటే వేరుగా ఎందుకుందో తర్వాత తెరిచేవాళ్లకు తెలియాలి కదా.

పంపే ముందు నాకొకసారి చూపించు తల్లీ. బయటికి దూకే దారులే చూస్తాను, మిగతా జోలికి రాను. వేళకు భోజనం చెయ్యి.

మీ మామయ్య