జలపాతం దగ్గరే వదిలేశావేం?

చిరంజీవికి ఆశీస్సులు.

మన నెల్లూరు వైపు పెంచలకోనలో నరసింహస్వామి గుడి దాటి అడవిలోకి నడిచి, జలపాతం చూసొచ్చిన రోజు గురించి నువ్వు రాసిన పన్నెండు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. బాధపడకమ్మా, ఆ పెన్ను నా రాతల మీదే ఎక్కువ అరిగింది.

ముందు నా బాగోతం విను. నీ వయసులో నేనూ ఆ కోన గురించి రాశాను. వైశాఖంలో బ్రహ్మోత్సవాలకి వెళ్ళి, ఆ ఎండకీ జనానికీ తట్టుకోలేక, కొండ ఎక్కకుండానే తిరుగు బస్సెక్కేశాను. ఇంటికొచ్చి ‘హోరున దూకే జలధార’ అని రాసి పత్రికకి పంపితే వేశారు కూడా. వారం తిరక్కముందే కోనకి దగ్గరున్న రాపూరు నుంచి ఒక కార్డు. ‘అయ్యా, మే నెలలో మా కోనలో మీకు నీళ్ళు యాడ దొరికినాయి? చెప్తే బిందెలు తీసుకొని పోతాం.’ సంతకం లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. మన నెల్లూరుకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ రాశాను, అదీ సిగ్గు.

నువ్వు నవంబరులో వెళ్ళావు, నీ నీళ్ళు నిజం నీళ్ళే. కానీ వాటిని ‘ఆకాశం నుంచి జాలువారే పాలనురగ’ చేశావు. నువ్వు పంపిన ఫోటోలో ధార పక్కన నీ స్నేహితురాలు నిలబడి ఉంది. ఆ అమ్మాయి మీద ఇంకో ఇద్దరు ఎక్కి నిలబడితే పైనున్న బండ అందుతుంది. అంతేగా దాని ఎత్తు! చిన్నది కాబట్టే మీరు ఒకరి తర్వాత ఒకరు దాని కింద తల పెట్టగలిగారు. చలికి మాట రాక ఒకరినొకరు చూసి నవ్వుకున్నామని రాశావే, ఆ వాక్యం పాలనురగలో కొట్టుకుపోయింది.

‘పేరు తెలియని వృక్షాలు’ అని నాలుగు చోట్ల ఉంది. తెలియకపోతే అడగాలి, లేదా కనిపించింది కనిపించినట్టు చెప్పాలి. నీ మూడో ఫోటోలో ఉన్నది ఎర్రచందనం. మొసలి వీపులా గళ్ళు గళ్ళుగా పగిలిన నల్లటి బెరడు. రెమ్మకి మూడేసి ఆకులు. గుండ్రటి కాయ, నడుమ కాస్త ఉబ్బి, చుట్టూ పల్చటి రెక్క. బయటి నుంచి ఎంత చూసినా ఎరుపు కనపడదు, అదంతా లోపల చేవలో ఉంటుంది. దొంగలు నరికేది ఆ చేవ కోసమే. తూర్పు కనుమల్లో దక్షిణపు వైపు, మన వెలికొండలూ శేషాచలమూ ఉన్న ఈ కాస్త మేరలో తప్ప ఈ చెట్టు సహజంగా పెరగదు. అలాంటి చెట్టుకి నువ్వు వీపు ఆనించి పులిహోర పొట్లం విప్పావు. ఫోటో సాక్ష్యం ఉంది!

కోన చుట్టూ ఉన్న అభయారణ్యాన్ని 1997లో ప్రకటించారనీ, విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకనీ మొదటి పేరాలోనే పెట్టావు. లెక్క తప్పు కాదు, చోటు తప్పు. పైన బండ మీద నిలబడి చూస్తే ఒక్క ఇంటి కప్పు గానీ పొగ గానీ కనపడలేదన్నావే, అక్కడ చెప్పు. అప్పుడు ఆ అంకె నాకూ కళ్ళకి కడుతుంది. ఆ గుళ్ళో వెలసిన పెనుశిల నరసింహస్వామి కథ కూడా అంతే, రెండు పేజీలు అక్కర్లేదు. నెల్లూరు బస్టాండులో ‘పెంచలయ్యా’ అని ఒక్క కేక వేస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. పెనుశిల పెంచలై, పెంచల మనుషుల పేరైంది. నీ క్లాసులోనే ఒక పెంచలమ్మ ఉండి ఉంటుంది.

గుడి దగ్గర నుంచి మీకు తోడొచ్చిన పెద్దాయన చేత ‘ఇంకొంత దూరం పయనించిన జలపాతం దర్శనమిచ్చును’ అనిపించావు. ఆయన అలా అని ఉంటే నేను పెన్ను పక్కన పెట్టేస్తాను. అదే పేజీలో ఇంకో చోట మర్చిపోయి ఆయన మాట ఆయనకే వదిలేశావు. హోరు వినపడగానే మీరంతా ‘వచ్చేసింది’ అని పరిగెత్తబోతే, ‘ఆ సప్పుడు నీళ్ళది కాదు పాపా, గాలిది. ఇంకా రవంత పైకి పోవాల’ అన్నాడు. కోన మీద ఇంతమంది రాసినవి చదివాను గానీ, గాలికీ నీళ్ళకీ చప్పుడు తేడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. రెండూ ఎలా వినపడ్డాయో రాయి. గుర్తు లేకపోతే ఆయన్నే మళ్ళీ అడుగు. వ్యాసం తొందరేం లేదు.

పక్షుల కిలకిలారావాలు కొట్టేశాను. కారణం చెప్పను, నీకే తెలుసు.

ఇంకొక్కటి. తొమ్మిదో పేజీలో ఒక్క వాక్యం: ‘దారిలో నా చెప్పు తెగితే చున్నీ అంచు చింపి కట్టుకున్నాను.’ అంతే, వెంటనే మళ్ళీ ప్రకృతి సోయగం. తెగింది ఎడమదా, కుడిదా? వాగులో రాళ్ళ మీద తడిసిన గుడ్డ జారిందా? మీ అమ్మ చున్నీ ఏమైందని అడిగితే ఏం చెప్పావు? పన్నెండో పేజీ జలపాతం కింద ఆగిపోయింది. మీరు ఎక్కింది ఎంతో, దిగాల్సిందీ అంతే. పొద్దు వాలుతోంది, వాన పడ్డ కొండ, చేతిలో తడి బట్టల సంచి, కాలికి చున్నీ ముక్క. అక్కడి నుంచి గుడి దాకా ఎలా దిగావు తల్లీ? ఆ పేజీలు రాసి పంపు.

మీ మాస్టారు