పెరిగింది జనమా, వేరు కుంపట్లా?

జనాభా పెరుగుదల పర్యావరణాన్ని ఎలా దెబ్బతీస్తుంది, ఇప్పుడు కాన్పులు తగ్గాయి కాబట్టి ఇక అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయా, వరంగల్ వైపు ఉదాహరణలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. సర్దుకోవు. కనీసం మా దగ్గర ఆ లక్షణాలు కనబడటం లేదు. నేను హన్మకొండలో ఇళ్లకు ప్లాన్లు గీసి, పర్మిషన్ ఫైళ్లు తయారుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఎవరింట్లో ఎంతమంది ఉంటారు, అన్నదమ్ములు ఎప్పుడు వేరుపడ్డారు, బోరు ఎన్ని అడుగులు దిగింది, ఇవన్నీ నా టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు అడక్కుండానే చెప్పే సంగతులు. అవి వింటూ ఉంటే పాఠ్యపుస్తకంలో చదివిన జనాభా సమస్య ఒకటి, కళ్ల ముందు ఉన్నది ఇంకొకటి అనిపిస్తుంది.

పుస్తకంలోది తప్పని అనడం లేదు. ప్రపంచ జనాభా 1927 ప్రాంతంలో 200 కోట్లు, 1974కల్లా 400 కోట్లు, 2022 నవంబరు 15న 800 కోట్లు. అరవై దాటిన మనిషి తన జీవితకాలంలోనే భూమ్మీద జనం రెట్టింపు కావడం చూశాడన్నమాట. అంతమందికి తిండి పండాలంటే అడవి కొట్టాలి, నీళ్లు మళ్లించాలి, ఎరువులు గుమ్మరించాలి. ఇందులో వాదించేదేమీ లేదు. 2023లో మనం చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చాం కూడా.

అయితే కాన్పుల సంగతి చూడండి. మా చిన్నప్పుడు ఆస్పత్రి గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం, 'ఇద్దరు ముద్దు, ఆపై వద్దు' అనే రాతలు కనబడేవి. ఆ పని దాదాపు అయిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలబడాలంటేనే 2.1 ఉండాలి. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత నిబంధనను 2024లో తీసేశారు. పిల్లల్ని కనండి అని నాయకులే చెప్పే రోజులొచ్చాయి.

మరి 1.8కి వచ్చాక కూడా జనం ఎందుకు పెరుగుతారు అంటే, పెళ్లీడు వాళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి. ఒక్కొక్కరు ఇద్దరినే కన్నా, కనే జంటలే ఎక్కువ. పైగా మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు. ఆ ఊపు తగ్గడానికి ఇంకో తరం పడుతుంది. ప్రపంచం మొత్తం మీద అయితే 2080ల దాకా పెరిగి, సుమారు 1,030 కోట్ల దగ్గర ఆగుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. 2011 జనగణనలో తెలంగాణ జనాభా 3.5 కోట్లు, కుటుంబాలు సుమారు 83 లక్షలు. అంటే ఇంటికి నలుగురికి కొంచెం పైనే. 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వేలో జనం 3.63 కోట్లు, కుటుంబాలు కోటి దాటాయి. 2024 చివర్లో చేసిన కులగణనలో వివరాలిచ్చినవాళ్లు 3.54 కోట్ల మంది, కుటుంబాలు 1.12 కోట్లు. ఇంటికి ముగ్గురు చిల్లర. ఈ మూడు లెక్కలూ ఒకే పద్ధతిలో తీసినవి కావు. కులగణనకు వివరాలివ్వని ఇళ్లు కొన్ని ఉన్నాయి. రేషన్ కార్డు కోసం, పింఛన్ కోసం ఒకే ఇంట్లో ఉంటూ రెండు కుటుంబాలుగా రాయించుకున్నవాళ్లూ ఉన్నారు, అది అందరికీ తెలిసిందే. ఇవన్నీ తీసేసినా దారి ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది. జనం పెరిగిన దానికన్నా వేరు కుంపట్లు చాలా వేగంగా పెరిగాయి.

మా ఇంటి లెక్కే చెబుతాను. పరకాల వైపు మా ఊరి పెంకుటింట్లో నాయినమ్మ ఒక పొయ్యి మీద పదిహేను మందికి వండేది. ఒక చేదబావి, ఒక పశువుల కొట్టం, ఇంటి వెనక ఒక పెంట కుప్ప. ఆ పెంట కూడా ఏడాదికోసారి పొలానికే పోయేది. బాపు, ఇద్దరు కాకలు వేరుపడినప్పుడు ఆ జాగాలోనే మూడు స్లాబు ఇళ్లు లేచాయి, మూడు బోర్లు పడ్డాయి. ఇప్పుడు మా తరంలో ఎవరం ఊళ్లో లేం. హన్మకొండలో, కాజీపేటలో తలా ఒక ప్లాటు. ఎవరికీ ఇద్దరికి మించి పిల్లలు లేరు, ఒకడికి ఒక్కతే బిడ్డ. జనాభా నియంత్రణ వాళ్లు వచ్చి మా కుటుంబాన్ని చూస్తే శాలువా కప్పాలి. కానీ ఇళ్లు, బోర్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు, బండ్లు లెక్కవేస్తే నాయినమ్మ ఇంటికీ మాకూ పోలికే లేదు. ఊళ్లో ఇళ్లు మాత్రం తాళం వేసి అలాగే ఉన్నాయి. ఎవరూ ఉండని ఇల్లు కూడా నేలను కప్పుతూనే ఉంటుంది.

నేల కప్పడం అంటే ఏమిటో ఒక చిన్న లెక్కతో చెబుతాను, ఇది నా పనిలో రోజూ వేసేదే. 200 గజాల ప్లాటు అంటే సుమారు 167 చదరపు మీటర్లు. దాని మీద పది సెంటీమీటర్ల వాన పడితే 16,700 లీటర్ల నీళ్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి ఇంకా మిగులుతాయి. అది చెలకగా, అంటే మెట్ట పొలంగా ఉన్నప్పుడు అందులో కొంత ఇంకేది, కొంత నిదానంగా పారేది. స్లాబు, టైల్స్, ముందర సీసీ రోడ్డు వేశాక దాదాపు మొత్తం ఒకేసారి నాలాలోకి వస్తుంది. ఇలాంటి ప్లాట్లు రెండు మూడు వందలున్న వెంచర్‌ను ఊహించుకోండి. ఆ కింద ఉన్న నాలా మాత్రం పాతదే. చాలా చోట్ల పాతదానికన్నా ఇరుకుది, ఎందుకంటే దాని గట్టు మీద కూడా ఇళ్లు వచ్చాయి.

కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి అందరం గొప్పగా చెప్పుకుంటాం. పైచెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి, అదీ దాని కిటుకు. గొలుసులో ఒక లంకె తెగినా నీళ్లు ఆగవు, ఇళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు జరిగింది అదే. 2023లో వాన కూడా మామూలుది కాదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది, రాష్ట్రంలోనే రికార్డు. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరికి ఊరే నీట మునిగింది. ఆ ఊళ్లో జనాభా పేలుడేమీ లేదు, కాబట్టి ప్రతి వరదనూ జనాభా ఖాతాలో రాయకండి. కానీ నగరంలో నయీంనగర్ నాలా చుట్టుపక్కల మోకాలి లోతు రావాల్సిన నీళ్లు నడుం దాటాయంటే అందులో మనం కట్టుకున్న ఇళ్ల వాటా ఉంది.

శిఖం భూమి సంగతి కూడా చెప్పాలి. చెరువు నిండినప్పుడు మునిగే భూమి శిఖం. కరువేడాది ఎండిపోయి కనబడుతుంది. సరిగ్గా అప్పుడే రాళ్లు పాతి, మొరం పోసి ప్లాట్లు చేస్తారు. కొనేవాడు వేసవిలో చూసి కొంటాడు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట, వానాకాలం ఒకసారి వెళ్లి చూసి రండి అని. చాలామందికి ఆ మాట నచ్చదు. అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు మరి.

నీళ్ల విషయం. మాది గట్టి రాతి నేల. నీళ్లు రాయి పగుళ్లలోనే ఉంటాయి, కింద ఏదో పెద్ద సముద్రం ఉందనుకుంటారు గానీ అలాంటిదేమీ లేదు. పక్కపక్క ఇళ్లలో రెండు బోర్లు వేస్తే అవి తాగేది తరచుగా ఒకే పగులు నుంచి. ఒకరి బోరు లోతుకు పోతే పక్కింటి బోరు ఎండుతుంది, వాళ్లు ఇంకా లోతుకు పోతారు. నాయినమ్మ చేదతో తోడిన నీళ్లు ఇప్పుడు మూడు నాలుగు వందల అడుగులు దాటినా దొరకని కాలనీలున్నాయి. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం బోర్లకు అనుమతి ఉండాలంటుంది, వాన నీటిని ఇంకించాలంటుంది. నేను గీసే ప్రతి ప్లాన్‌లో ఒక మూల ఇంకుడు గుంత ఉంటుంది. తీరా ఇల్లు కట్టేటప్పుడు "అన్నా, ఆడ గుంత తీస్తే కారు యాడ పెట్టాలె?" అంటారు. కారు గెలుస్తుంది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే అయినా సరే.

ఇంటి సామాను ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడండి. ఇసుక మానేరు నుంచి, గోదావరి నుంచి. గ్రానైట్ కరీంనగర్ గుట్టల నుంచి. అక్కడి టాన్‌బ్రౌన్ రాయి విదేశాలకు కూడా పోతుంది. చిన్నప్పుడు బస్సులోంచి చూసిన గుట్టలు కొన్ని ఇప్పుడు సగం కోసిన పుచ్చకాయల్లా ఉన్నాయి. కరెంటు రామగుండం నుంచి, అక్కడ ఒక్క ఎన్టీపీసీ పాత కేంద్రమే 2,600 మెగావాట్లు. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దుమ్ము ఆ పక్క ఊళ్లవాళ్ల ఇళ్ల మీద పడుతుంది, ఆ బొగ్గుతో తిరిగే ఏసీ హైదరాబాద్‌లో ఉంటుంది. కాబట్టి ఎక్కడ జనం ఎక్కువో అక్కడే పర్యావరణం పాడవుతుందన్న సూత్రం కూడా పూర్తిగా నిలబడదు.

తలల లెక్క అస్సలు పట్టించుకోవద్దు అంటున్నానా? లేదు. మేడారం వెళ్లి ఉంటే మీకే తెలుస్తుంది. మామూలు రోజుల్లో అడవి మధ్య ఒక చిన్న ఊరు. రెండేళ్లకోసారి నాలుగు రోజుల జాతరకు కోటి మంది దాకా వస్తారని ప్రభుత్వమే చెబుతుంది. అన్ని లక్షల మందికి స్నానం జంపన్నవాగులోనే, వంట చెట్ల కిందే, మిగతా అవసరాలు కూడా అక్కడే. ఎంత క్రమశిక్షణ ఉన్నా అంతమంది అడుగు పడితే ఆ నేల తట్టుకోవడం కష్టం. అది సంఖ్య బరువు. ఇందులోనూ ఒక మార్పు ఉంది. బాపు వాళ్లు ఎడ్లబండ్ల మీద పోయినప్పుడు మోదుగాకు విస్తళ్లలో తిని వచ్చేవాళ్లు. ఎండిన విస్తరి మట్టిలో కలిసేది. ఇప్పుడు నీళ్ల ప్యాకెట్లు, థర్మాకోల్ పళ్లేలు, సీసాలు. 2024 ఫిబ్రవరి జాతర తర్వాత చెత్త ఎత్తడానికి మనుషుల్ని పెట్టి వారాల తరబడి పని చేయించాల్సి వచ్చింది. ఎంతమంది వచ్చారన్నది ఒక లెక్క, ఏమి వెంట తెచ్చారన్నది ఇంకో లెక్క. రెండూ కలిస్తేనే చెత్త గుట్ట ఎంతో తేలుతుంది.

ఒక మాట కాస్త ఘాటుగా చెబుతాను. 'జనాభా ఎక్కువైంది' అనే మాట మూడు వందల గజాల డూప్లెక్స్ కట్టుకునే వాళ్ల నోట నేను వినని వారం ఉండదు. వేలు ఎప్పుడూ పక్క బస్తీ వైపే చూపిస్తుంది. ఆ బస్తీలో రెండు గదుల్లో ఆరుగురు ఉంటారు, ఒక ఫ్యాను, ఒక నల్లా. మనిషికి వాళ్లు వాడే నేల, నీళ్లు, కరెంటు డూప్లెక్స్ వాళ్ల దాంట్లో చిన్న ముక్క. దేశాల మధ్య కూడా ఇదే తేడా. ఏడాదికి మన దగ్గర మనిషికి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ అయితే, అమెరికాలో పద్నాలుగు టన్నుల దాకా ఉంటుంది. అక్కడ జనం మనలో నాలుగో వంతు కూడా లేరు.

ఇది ప్రాజెక్టు కోసం అయితే, 'జనాభా నియంత్రణ' అని ఒక పేజీ నింపి వదిలేయకండి. ఆడపిల్లల చదువు, పెళ్లి వయసు పెరగడం వల్ల ఆ పని ఇక్కడ చాలావరకు జరిగిపోయింది. మీ కాలనీలో ఒక వీధి తీసుకుని ఇళ్లు, బోర్లు, ఇంకుడు గుంతలు లెక్కపెట్టండి. పాత రెవెన్యూ నక్షా సంపాదించి, అందులో చెరువు ఎంతవరకు ఉంది, ఇప్పుడు ఎంతవరకు ఉంది పోల్చండి. భద్రకాళి చెరువుతో మొదలుపెట్టొచ్చు. 2024 నవంబరులో పూడిక తీయడానికి దాన్ని ఖాళీ చేసినప్పుడు, నగరం నుంచి అందులోకి ఏమేమి చేరాయో గట్టు మీద నిలబడినవాళ్లందరికీ ముక్కుకే తెలిసింది.

కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. ఇళ్ల లెక్క దానికి ముందే, 2026లోనే మొదలుపెట్టాలని నిర్ణయించారు. ఆ వివరాలు వచ్చాక అందరూ ముందు మొత్తం జనాభా ఎంత అని చూస్తారు. మీరు ఇళ్ల సంఖ్య చూడండి. అందులో తాళం వేసి ఉన్నవి ఎన్ని అనేది కూడా వేరుగా ఇస్తారు.