మందుల షాపాయన ఇవ్వనన్నాడు

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకి ఐదేళ్లు. జలుబు, దగ్గు. పోయినసారి వాడిన సెఫిక్సిమ్ సిరప్ కోసం వెళ్తే షాపాయన కొత్త చీటీ తెమ్మన్నాడు. నెల కిందట కలిపిన సీసా ఫ్రిజ్‌లో ఉంది, అదే పట్టేద్దామని మా అత్తయ్య అంటున్నారు. పట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. నీళ్లు కలిపాక ఆ సిరప్ రెండు వారాలకు మించి పనికిరాదు. కొత్తదైనా ఇదే చెబుతాను. జలుబు తెచ్చేది వైరస్. సెఫిక్సిమ్ యాంటీబయాటిక్, అంటే బ్యాక్టీరియాను చంపే మందు; వైరస్‌ని అదేమీ చేయలేదు. పైగా ఒంట్లో ఉన్న మామూలు బ్యాక్టీరియా చచ్చి, మందుకు లొంగని మొండివి మిగిలి పెరుగుతాయి. రేపు బాబుకి నిజంగా న్యుమోనియా వస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు.

షాపాయన మీద కోపం పెట్టుకోకండి. (అలాంటి షాపు మా వీధిలో లేదే అని నాకు అసూయ!) సెఫిక్సిమ్ ‘షెడ్యూల్ హెచ్1’ మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోది. 2014 నుంచి ఇలాంటివి అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చారన్నది విడి రిజిస్టరులో ఎక్కించి 3 ఏళ్లు ఉంచాలి. స్ట్రిప్ మీద ఎర్రటి నిలువు గీత చూశారా? అదుంటే చీటీ లేకుండా కొనొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రచారం మొదలుపెట్టింది. కేరళలోనైతే ‘ఆపరేషన్ అమృత్’ పేరుతో షాపుల్లో ఆకస్మిక తనిఖీలే చేస్తున్నారు.

బాబుకి ముక్కులో సెలైన్ చుక్కలు, పడుకునే ముందు చెంచాడు తేనె చాలు. ఆయాసపడుతున్నా, నీళ్లు తాగకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా పిల్లల డాక్టరుకి చూపించండి.